బంతి కదలికలో ఉండవలెను

గరుగుపేట జూట్ వర్కర్స్ ఫుట్‌బాల్ క్లబ్బు పుట్టి అరవై రెండేళ్ళయింది. ఇన్నేళ్ళలో ఆ జట్టు జిల్లా కప్పు మొహం చూసింది ఒక్కసారే. అదైనా పక్క ఊరి జట్టు దాన్ని లారీ మీద ఊరేగిస్తూ గరుగుపేట మీదుగా పోతున్నప్పుడు. ఆ రోజు మనవాళ్ళే రోడ్డు మీద నిలబడి వాళ్ళకి మజ్జిగ పోశారు. ఓడిపోవడం మనవాళ్ళకి అంతగా అలవాటు. దానికి తగ్గ మర్యాద కూడా నేర్చుకున్నారు.

జూటుమిల్లు మూతపడి పదకొండేళ్ళు. క్వార్టర్లు పోయాయి, క్యాంటీను పోయింది, పొద్దున్నే ఊరిని లేపే మిల్లు కూత పోయింది. జట్టు మాత్రం మూతపడలేదు. దాన్ని కూడా మూయొచ్చని ఎవరికీ తోచలేదు, అంతే.

జట్టుకి సెక్రటరీ బొబ్బాది గవరయ్య. యాభై ఎనిమిదేళ్ళవాడు. ఆయన పంతొమ్మిదో ఏట మిల్లులో చేరాడు. ఆ రోజుల్లో బంతి తన్నడం వచ్చినవాడికి మగ్గం నడపడం వచ్చా అని అడక్కుండా ఉద్యోగం ఇచ్చేవారు. గవరయ్యకి రెండూ అంతంతమాత్రమే. మగ్గం దగ్గర బంతి వంక చెప్పి, బంతి దగ్గర మగ్గం వంక చెప్పి ఇరవై ఎనిమిదేళ్ళు నెట్టుకొచ్చాడు. మిల్లు ఇచ్చినవన్నీ మిల్లే తిరిగి పట్టుకుపోయింది. మిగిలింది మైదానం ఒక్కటే. రోజూ తెల్లారగట్ల పోయి గోల్ స్తంభానికి వీపు ఆనించి ఒక చుట్ట కాలిస్తేగాని ఆయనకి ఒంట్లో ప్రాణం ఉన్నట్టుండదు.

మే నెలలో ఒకనాడు ఆ స్తంభానికే ఎవరో కాగితం అంటించి పోయారు.

'ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, సర్వే నంబరు 114 నందలి మూడెకరముల ఇరవై సెంట్లు తనిఖీ సమయమున ఖాళీగా కనిపించినందున, సదరు భూమిని నిరుపయోగ స్థలముగా గుర్తించి లారీల నిలుపుదల ప్రాంగణము నిమిత్తం కేటాయించుటకు ప్రతిపాదించడమైనది.'

తనిఖీకి వచ్చింది మంగళవారం మిట్టమధ్యాహ్నం ఒంటిగంటన్నరకి. మే నెల ఎండలో ఆ వేళ మైదానంలో మనిషి కనిపించి ఉంటే తనిఖీ చెయ్యాల్సింది మైదానాన్ని కాదు, ఆ మనిషిని.

గవరయ్య గోల్‌కీపర్ తాడ్డి ఎర్నాయుణ్ణి వెంటబెట్టుకుని జిల్లా క్రీడాస్థలాల సద్వినియోగ విభాగానికి పోయాడు. ఎర్నాయుడు వరసకి బావమరిది, మిల్లు యూనియన్‌కి ఇరవై రెండేళ్ళు ఉపాధ్యక్షుడు. నినాదం ఇవ్వక పదకొండేళ్ళయి గొంతు తుప్పు పట్టి ఉన్నాడు.

అక్కడి పరిశీలనాధికారి చక్రధరం గారు మంచి మనిషి. ఇస్త్రీ నలగని చొక్కా, మెడలో స్టాప్‌వాచీ.

"నాకు క్రీడలంటే ప్రాణం, సెక్రటరీ గారూ. కానీ ఖాళీ స్థలమంటే ప్రభుత్వానికి ప్రాణం" అన్నారాయన. "మీ అదృష్టం కొద్దీ నిరంతర క్రీడా వినియోగ పథకం అమల్లో ఉంది. తొంభై రోజులు, ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకు, మీ మైదానం ఎప్పుడు చూసినా వినియోగంలో ఉండాలి. అలా ఉంటే ముప్పై మూడేళ్ళు లీజు, ఏటేటా నిర్వహణ గ్రాంటు. రెండు మెమోల వరకు క్షమార్హం. మూడోది వస్తే లారీలే."

"వినియోగమంటే ఏటి బావూ?"

"ఆట."

"ఆటంటే?"

చక్రధరం గారు పుస్తకం తిరగేశారు. "'క్రీడ అనగా రెండు ప్రత్యర్థి పక్షముల నడుమ బంతి కదలికలో ఉండుట.' చాలా చక్కని నిర్వచనం. కమిటీ పద్నాలుగు నెలలు కూర్చుని రాసింది."

ఎర్నాయుడు ఉండబట్టలేక అడిగాడు. "పన్నెండు గంటలు ఆపకండా పరిగెడితే మనిషి బతుకుతాడేటి బావూ?"

"మనిషి గురించి నిర్వచనంలో లేదండి."

ఇద్దరూ తిరుగు బస్సెక్కారు. మరో ఊరివాళ్ళయితే ఎమ్మెల్యే దగ్గరికో, కోర్టుకో, కనీసం గుడికో పోయేవాళ్ళు. గరుగుపేటవాళ్ళకి తెలిసిన విద్య ఒక్కటే. అది గవరయ్యకి బస్సు మలుపు తిరుగుతుండగా తట్టింది.

"ఎర్నాయుడూ, మగ్గం ఆగకండా ఉండాలంటే మిల్లులో ఏటి సేసీవోళ్ళం?"

"షిఫ్టు."

అని, ఎర్నాయుడు సీట్లోంచి సగం లేచాడు. "బావా!"

మర్నాడే మైదానం గేటు దగ్గర బల్ల వేశారు. ఆరు నుంచి పన్నెండు దాకా ఏ షిఫ్టు. పన్నెండు నుంచి ఆరు దాకా బి షిఫ్టు. సి షిఫ్టు లేనందుకు ముసలివాళ్ళు కొందరు నొచ్చుకున్నారు. ఎవరి టోకెను వాళ్ళకి ఇచ్చారు. మిల్లులో ఎవడైనా రాకపోతే వాడి బదులు చేసేవాణ్ణి బద్లీ అనేవారు. అలాగే ఇక్కడా గేటు బయట పదిమంది బద్లీలు గోచీ బిగించుకుని కూర్చున్నారు. పాత ఇనప సామాన్ల కొట్లోంచి ఒక అంబులెన్సు సైరను తెచ్చి చెట్టుకి కట్టారు. మొదటి రోజు ఆరింటికి అది మోగేసరికి పదకొండేళ్ళుగా పనిలేక అరుగుల మీద అరిగిపోయిన మనుషులు క్యారియర్లు పట్టుకుని వీధిలోకి వచ్చేశారు. టైర్లకి పంచర్లు వేసే ఆదినారాయణ, రిటైరైన టైపు మాస్టారు, రొయ్యలమ్మే ఆడవాళ్ళు, అందరూ ఆడారు. ఆట రానివాళ్ళు ఎక్కువే. అయితే బంతి కదులుతోంది. ఇవతల గోలు నుంచి అవతల గోలుకి, అవతల నుంచి ఇవతలికి, మగ్గంలో పోగు మోసే నాడె తిరిగినట్టు.

గవరయ్య పెళ్ళాం సన్యాసమ్మ బి షిఫ్టులో కుడి పక్క ఆడేది. మిల్లులో గోనెసంచులు కుట్టే సెక్షన్‌లో పనిచేసిన మనిషి. యాభై రెండేళ్ళు. చీర పైకి దోపి పరిగెత్తితే పట్టుకునేవాడు లేడు.

తొమ్మిదో రోజు చక్రధరం గారు చెప్పాపెట్టకుండా వచ్చారు. ఆ వేళకి మనవాళ్ళు హాఫ్‌టైం ఇచ్చి ఉప్పు అద్దిన నిమ్మచెక్కలు చీకుతున్నారు. ఆయన ఎవరినీ పలకరించలేదు. తిన్నగా మైదానం మధ్యకి పోయి, అక్కడ పడుకున్న బంతి పక్కన నిలబడి, వాచీ నొక్కారు.

'తమ బంతి పది గంటల నాలుగు నిమిషముల నుండి పదకొండు నిమిషముల వరకు నిశ్చల స్థితిలో ఉన్నట్లు గమనించడమైనది' అని మొదటి మెమో.

హాఫ్‌టైం రద్దయింది. నిమ్మచెక్కలు పరిగెడుతూ చీకవలసిందని గవరయ్య బోర్డు మీద రాయించాడు.

ఇరవై మూడో రోజు ఆదినారాయణ గోలు కొట్టాడు. అది అతని తప్పు కాదు. ఎవరో తన్నిన బంతి అతని మోకాలికి తగిలి లోపలికి పోయింది. జనం కేకలు వేశారు. ఎర్నాయుడు బంతి తేవడం మానేసి ఆదినారాయణని ఏడు తరాలు వెనక్కి పోయి తిట్టాడు. తిట్లు పూర్తయ్యేసరికి గేటు దగ్గర ఇస్త్రీ చొక్కా కనిపించింది. 'గోలు అనంతరము బంతి ఒక నిమిషము నలభై సెకండ్లు విశ్రాంతి తీసుకున్నది' అని రెండో మెమో.

ఇంక ఒక్కటి వస్తే లారీలే. గవరయ్య ఆ రోజు మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. స్తంభం దగ్గర కూర్చుని ఆలోచించాడు. గోలు కొడితే బంతి ఆగుతుంది. బంతి ఆగితే మైదానం పోతుంది. కాబట్టి మైదానానికి అసలు శత్రువు ఎవరయ్యా అంటే గోలే. ఇంత సులువైన సంగతి అరవై రెండేళ్ళుగా ఎవరికీ తట్టనందుకు ఆయనకే ఆశ్చర్యం వేసింది.

సాయంత్రానికి బోర్డు మీద సర్క్యులర్ ఎక్కింది. 'గోలు కొట్టుట క్లబ్బు ఆర్థిక భవిష్యత్తుకు, స్థల భద్రతకు గొడ్డలిపెట్టు అయినందున, నేటి నుండి గోలు కొట్టుట, కొట్ట ప్రయత్నించుట, కొట్టువారిని ప్రోత్సహించుట నిషేధము. ఉల్లంఘించినవారికి మెమో.'

ఆ తర్వాత ఆటకి ఒక శాంతి వచ్చింది. ఎవడైనా బంతితో గోలు దగ్గరికి పోతే మర్యాదగా ఒక దండం పెట్టి వెనక్కి తిరిగేవాడు. ఎర్నాయుడు స్తంభాల మధ్య నులకమంచం వేసుకుని పడుకునేవాడు. అరవయ్యో రోజున జిల్లా పేపర్లో ఫోటో పడింది. 'రెండు నెలలుగా ఓటమి ఎరుగని గరుగుపేట జట్టు' అని. నిజమే. క్లబ్బు చరిత్రలో అంతకు ముందు ఓడకుండా గడిపిన రికార్డు తొమ్మిది రోజులు. అదీ తుపాను వచ్చి.

గవరయ్య ఇప్పుడు కుర్చీలో కూర్చుంటున్నాడు. చుట్ట మానేసి, వేళ్ళ మధ్య పెన్ను పెట్టుకుంటున్నాడు.

డెబ్భై అయిదో రోజున సన్యాసమ్మ గోలు కొట్టింది.

పొరపాటున కాదు. కుడి పక్క నుంచి నలుగుర్ని తప్పించుకుని వచ్చి, మంచం మీద నిద్రపోతున్న ఎర్నాయుడి తలవైపు నుంచి చూసి మరీ కొట్టింది. చక్రధరం గారు ఆ రోజు రాలేదు గనక సరిపోయింది. బద్లీ ఒకడు పరిగెత్తుకెళ్ళి బంతిని లోపలికి తన్నాడు. అయినా రూలు రూలే. మర్నాడు మధ్యాహ్నం అన్నం దగ్గర గవరయ్య పెళ్ళాం చేతిలో కాగితం పెట్టాడు.

"ఇదేటి?"

"మెమో."

"నాకే?"

"అందరికీ ఒకటే రూలు సన్నాసమ్మా. ఇంట్లో నువ్వు పెళ్ళానివి. గ్రౌండులో బి షిఫ్టు కుడిపక్క."

సన్యాసమ్మ ఆ కాగితంతో పప్పుగిన్నె పట్టుకుని కిందికి దించింది. "గోలు కొడితే మెమో ఏటి మావా? దానికే కదా ఆ రెండు కర్రలు పాతింది?"

"గోలు కొడితే గ్రౌండు పోద్దే. నీకు తెల్దు."

"గోలు కొట్టకపోతే గ్రౌండెందుకు?"

జవాబు లేనప్పుడు యాజమాన్యం ఏం చేస్తుందో గవరయ్య అదే చేశాడు. ఆమెని మూడు రోజులు సస్పెండు చేశాడు.

సంగతి తెలిసి ఎర్నాయుడు మంచం మీంచి ఎగిరి లేచాడు. పదకొండేళ్ళ తర్వాత గరుగుపేటలో 'జిందాబాద్' వినిపించింది. గోలు హక్కు సాధన సమితి పుట్టింది. సన్యాసమ్మ అధ్యక్షురాలు, ఎర్నాయుడు ఉపాధ్యక్షుడు. సస్పెన్షను ఎత్తేయాలి, గోలు మీద నిషేధం ఎత్తేయాలి, నిమ్మచెక్క కూర్చుని తిననివ్వాలి. ఒప్పుకోకపోతే సమ్మె. సమ్మె అంటే ఊరికే చెయ్యకూడదు, పద్ధతుంది. చట్టప్రకారం పద్నాలుగు రోజుల నోటీసు ఇచ్చారు. ఇచ్చి, సంతకాలు పెట్టి, రసీదు తీసుకుని, ఆనక వేళ్ళు మడిచి చూస్తే అది సరిగ్గా తొంభయ్యో రోజున పడింది.

"ఒక్కరోజు ఎనక్కి జరుపుకోండ్రా" అని గవరయ్య బతిమాలాడు.

"నోటీసు ఇచ్చేసేం కదా బావా" అన్నాడు ఎర్నాయుడు, నిజంగానే బాధపడుతూ. "ఇచ్చేక మారిస్తే యూనియన్ పరువేటవుతాది?"

"సంస్థ ప్రస్తుత ఆర్థిక పరిస్థితుల దృష్ట్యా..." అని మొదలుపెట్టి గవరయ్య టక్కున ఆగిపోయాడు. ఈ ముక్క మిల్లు మూసిన రోజున మేనేజరు అన్నది. అప్పుడు ఆయన మీదికి చెప్పు విసిరింది తనే.

తొంభయ్యో రోజు. ఆగస్టు నెల, రాత్రంతా వాన. ఆరింటికి కూత మోగింది. ఒక్కడూ లోపలికి రాలేదు. గేటు బయట ఎర్రజెండాల కింద రెండు షిఫ్టులూ బద్లీలతో సహా గొంతు చించుకుంటున్నాయి. గవరయ్య పంచె ఎగ్గట్టి ఒక్కడే బంతి నెట్టుకుంటూ బయల్దేరాడు. ఇవతలి గోలు నుంచి అవతలికి. అవతల నుంచి ఇవతలికి. పదింటికి పిక్కలు పట్టేశాయి. మధ్యాహ్నం సన్యాసమ్మ కంచె మీంచి ఒక ముద్ద అందిస్తే కాలు ఆపకుండా నోరు తెరిచి తిన్నాడు. సమ్మె సమ్మేగాని మొగుడు పస్తుండాలని డిమాండ్లలో లేదు.

అయిదున్నరకి చక్రధరం గారు వచ్చారు.

"బంతి కదులుతోంది. సంతోషం" అన్నారు. "ప్రత్యర్థి పక్షం ఎక్కడ?"

"టీ... తాగడానికి..."

"రెండు పక్షములు అని ఉంది, సెక్రటరీ గారూ. మూడు నిమిషాలు ఇస్తున్నాను." వాచీ నొక్కారు.

గవరయ్య బంతిని కాలితో తడుతూ తడుతూ గేటు దాకా వచ్చాడు. నిలబడి మాట్లాడడానికి లేదు. బంతి చుట్టూ ప్రదక్షిణం చేస్తూ మాట్లాడాడు.

"సన్నాసమ్మా. లోపలికి రా."

"గోలు?"

"అరగంట. అరగంట ఓపిక పట్టవే. ఆరు దాటేక నీ ఇష్టమొచ్చినన్ని కొట్టు."

"ఆరు దాటేక ఎవుడిక్కావాలి?"

"గ్రౌండు పోద్దే!" ఆయన బంతి చుట్టూ ఇంకో చుట్టు తిరిగాడు. "అదీ పోతే నాకింకేటుంది సెప్పు?"

సన్యాసమ్మ కాసేపు ఆయన కాళ్ళ కేసి చూసింది. పొద్దుట్నుంచి బురదలో నానిన కాళ్ళు. జెండా ఎర్నాయుడికిచ్చి గేటు తోసుకుని లోపలికొచ్చింది.

"నాను కొడతాను మావా. నువ్వు ఆపు. నువ్వు గోలుకి అడ్డం నిలబడే బేక్కువే కదా? ఆటంటే అదే కదేటి?"

అది పద్నాలుగు నెలల కమిటీకి తట్టని నిర్వచనం. గవరయ్య తల ఊపాడు. చక్రధరం గారు వాచీ ఆపి రాసుకున్నారు: 'ప్రత్యర్థి పక్షము హాజరు.'

తర్వాత ఇరవై నిమిషాలు గరుగుపేట జనం చూసింది అంతకు ముందు ఎన్నడూ చూడనిది. ఆమె మీదికొచ్చింది, ఆయన ఆపాడు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఆపాడు. బొక్కబోర్లా పడ్డాడు, పడి కాలు చాపి ఆపాడు. ఇరవై ఎనిమిదేళ్ళు మిల్లు జీతం తీసుకుని ఆడని ఆట ఆ సాయంత్రం ఆడాడు. గేటు బయట నినాదాలు ఎప్పుడు ఆగిపోయాయో ఎవరికీ తెలీదు. "ఆపు బావా!" అని అరుస్తున్నది సమ్మె ఉపాధ్యక్షుడే.

అయిదు యాభై రెండుకి సన్యాసమ్మ ఎడమకి పోతున్నట్టు ఒళ్ళు వంచి కుడికి తిరిగింది. గవరయ్య ఎడమకే పోయాడు. బంతి ఆయన పక్క నుంచి స్తంభాల మధ్యకి దూసుకుపోయింది.

బురదలో కూర్చున్న గవరయ్య బంతి వైపు చూడలేదు, వాచీ వైపూ చూడలేదు. పెళ్ళాం వైపు చూశాడు. "బాగా కొట్టేవే" అన్నాడు, ఏడుపు గొంతుతోనే.

"బంతి ఆగలేదు!" అని అరిచాడు ఎర్నాయుడు.

గోలు నిషేధించాక వల దేనికని రొయ్యలమ్మే ఆడవాళ్ళు విప్పుకుపోయారు. గోలు వెనక పల్లం, పల్లం కింద వాగులాంటి గెడ్డ. బంతి దొర్లుకుంటూ పోయి నిండుగా పారుతున్న గెడ్డలో పడి, ఒకసారి మునిగి, తేలి, తూర్పుగా బయల్దేరింది. చక్రధరం గారు క్షణం తటపటాయించారు. ఆనక ప్యాంటు మడిచి, వాచీ చేత్తో పట్టుకుని, గట్టు వెంట పరుగు అందుకున్నారు. "కదలికలోనే ఉంది! కదలికలోనే ఉంది!" అన్న మాట చీకటి పడేదాకా దూరం నుంచి వినిపిస్తూనే ఉంది.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. బంతి అధికారి దృష్టిపథము నుండి తొలగు వరకు కదులుచున్నందునను, అది ఆగినట్లు ఆధారములు లేనందునను, లీజు ముప్పై మూడేళ్ళకి మంజూరు. గ్రాంటు మంజూరు. ఊరంతా టపాకాయలు కాల్చాక టైపు మాస్టారు ఏడో షరతు చదివారు.

'సదరు ఆట ఇంకను కొనసాగుచున్నందున, సదరు బంతిని తెచ్చి ముగించు వరకు మైదానమునందు వేరొక ఆట ప్రారంభించరాదు. సదరు బంతి నిశ్చల స్థితిలో లభించిన యెడల లీజు రద్దగును.'

గవరయ్య మళ్ళీ ఆఫీసుకి పోయాడు. "కదులుతూ దొరికితే ఏటి సెయ్యాలి బావూ?"

"కదులుతూనే తీసుకురండి" అన్నారు చక్రధరం గారు.

ఆ ఆదివారం నుంచి క్లబ్బు మొత్తం బంతిని వెతకడానికి పోతోంది. గెడ్డ ఏట్లో కలుస్తుంది, ఏరు సముద్రంలో కలుస్తుంది. రెండో ఆదివారం ఏటి మొగ దగ్గర ఇసకలో సన్యాసమ్మ కాలికి ఏదో తగిలింది. సగం పూడి, సగం గాలి పోయి, నాచు పట్టి, అదే బంతి. కదలడం లేదు.

ఇరవై మందీ చుట్టూ మూగి నిలబడ్డారు.

"ఎవులు సూసేరు?" అన్నాడు గవరయ్య మెల్లిగా.

"నాకు కళ్ళజోడు నేదు బావా" అన్నాడు పుట్టి బుద్ధెరిగి కళ్ళజోడు పెట్టని ఎర్నాయుడు. ఆదినారాయణ సముద్రం కేసి తిరిగాడు. టైపు మాస్టారు చెప్పులో ఇసక దులుపుకోవడంలో పడ్డారు. సన్యాసమ్మ బొటనవేలితో బంతిని పైకి లేపింది.

"మావా, ఇక్కడ నిర్వచనం ఉందేటి?"

గవరయ్య అటూ ఇటూ చూశాడు. ఇసక, నీళ్ళు, దూరంగా రెండు పడవలు. "నేదు" అన్నాడు.

చెప్పులు కుప్పలు పెట్టి గోలు స్తంభాలు చేశారు. మూడు నెలల తర్వాత మెమో భయం లేకుండా గోలు కొట్టారు, తిట్టుకున్నారు, హాఫ్‌టైం ఇచ్చి కూర్చుని నిమ్మచెక్కలు చీకారు. ఆ సేపంతా బంతి దాని ఇష్టం వచ్చినట్టు పడుకుంది. సన్యాసమ్మ జట్టు ఏడు, గవరయ్య జట్టు నాలుగు. పొద్దువాలాక గవరయ్య బంతిని మోకాలి లోతు నీళ్ళ దాకా తీసుకుపోయి, తిరుగు కెరటం చూసి, మెల్లిగా ఒక్క తాపు తన్నాడు.

ఇప్పుడు ప్రతి ఆదివారం వెతుకుతూనే ఉన్నారు. వెతకడానికి పోయేటప్పుడు ఇంకో బంతి కూడా పట్టుకుపోతున్నారు. గరుగుపేటలో మూడెకరాల ఇరవై సెంట్ల మైదానం గడ్డి పెరిగి, గేటుకి తాళం పడి, భద్రంగా ఉంది. లారీ దాని దరిదాపులకి రాలేదు. రికార్డు ప్రకారం లోపల ఆట సాగుతోంది. సన్యాసమ్మ ఒక గోలు ముందుంది. సమం చెయ్యడానికి గవరయ్యకి ముప్పై మూడేళ్ళు గడువుంది.